చెకుముకి గుట్టల గాలిలో డిస్క్ గోల్ఫ్: ఎంపోరియాలో ఒక వారాంతం

మా బావమరిది విచిటాలో ఎంఎస్ చదువుతున్నాడు. రెండేళ్లుగా వాడిది ఒకటే పాట: "బావా, కాన్సస్‌లో ఉండి ఎంపోరియాలో డిస్క్ విసరకపోవడమంటే తిరుపతిలో ఉండి కొండెక్కకపోవడమే." మే నెలలో ఒక శనివారం ఆ మొక్కు తీర్చుకున్నాం. మేం ఉండేది ఓవర్‌ల్యాండ్ పార్క్ అనే ఊళ్లో. అక్కడి నుంచి ఐ-35 మీద సుమారు వంద మైళ్లు, గంటన్నర ప్రయాణం. మాకు దారిలో టోల్ లేదు. వాడు విచిటా నుంచి టర్న్‌పైక్ (టోల్ కట్టాల్సిన హైవే) మీద వచ్చాడు. ఇప్పుడక్కడ టోల్ బూత్‌లు తీసేశారు. నంబర్ ప్లేటు ఫొటో తీసి బిల్లు ఇంటికి పంపుతారు. అద్దె కారులో వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే అడిగి పెట్టుకోండి.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. డిస్క్ గోల్ఫ్ అంటే బంతికి బదులు ప్లాస్టిక్ బిళ్ల, గుంటకు బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. మొదటి కోర్సు 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో వచ్చింది. ఆ గొలుసుల బుట్టను తయారుచేసిన ఎడ్ హెడ్రిక్ 2002లో పోతే, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని కలిపి డిస్కులు అచ్చుపోశారు. మనం గంగలో కలుపుతాం, ఆయన గాలికి వదలమన్నాడు. ఎంపోరియా పాతిక వేల జనాభా కూడా లేని ఊరు. అయినా ఈ ఆట ప్రపంచ చాంపియన్‌షిప్ 2016లో ఒకసారి, 2022లో ఇంకోసారి ఇక్కడే జరిగింది. డైనమిక్ డిస్క్స్ కంపెనీ పుట్టింది కూడా ఈ ఊళ్లోనే.

ముందు కమర్షియల్ స్ట్రీట్‌లోని వాళ్ల కొట్టుకు వెళ్లాం. గోడ నిండా రంగురంగుల డిస్కులు. పేర్లు చూస్తే కోర్టు మెట్లెక్కినట్టే ఉంటుంది: జడ్జ్, జస్టిస్, వెర్డిక్ట్, ఫెలన్, ఎస్కేప్. ఒక్కో డిస్క్ మీద నాలుగు అంకెలుంటాయి. వేగం, తేలడం, మొదట్లో కుడికి తిరగడం, చివర్లో ఎడమకు వాలడం. ఎస్కేప్ మీద 9, 5, -1, 2 అనీ, ఫెలన్ మీద 9, 3, 0.5, 4 అనీ ఉంది. నేను తేలికగా తేలుతుంది కదా అని ఎస్కేప్ పట్టుకున్నాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి బయట ఊగుతున్న బోర్డు వైపు ఒకసారి చూసి, 175 గ్రాముల ఫెలన్ నా చేతిలో పెట్టింది. సరుకు అమ్ముకోవడానికి చెబుతోందనుకున్నాను. నాకు రెండూ నచ్చాయని రెండూ కొన్నాను. తప్పు ఎక్కడ జరిగిందో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

జోన్స్ పార్కు కోర్సు ఉచితం. టికెట్ లేదు, టైం స్లాట్ లేదు, అడిగేవాడు లేడు. చెట్లు అక్కడొకటి ఇక్కడొకటి, మిగతాదంతా ఆకాశమే. ఫోన్‌లో గాలి 25 మైళ్ల వేగమని చూపిస్తోంది, అదీ దక్షిణం నుంచి. కాన్సస్ అన్న పేరు ఇక్కడి ఆదివాసులైన "కా" తెగవాళ్ల నుంచి వచ్చిందనీ, దానికి దక్షిణపు గాలి మనుషులని అర్థమనీ చెబుతారు. మన కవులకు దక్షిణపు గాలి అంటే మలయమారుతం. ఇక్కడి దక్షిణపు గాలికి మొదటి టీ (డిస్క్ విసరడం మొదలుపెట్టే చోటు) దగ్గరే నా టోపీ పోయింది.

బావమరిది నాలుగు గడ్డి పరకలు పీకి గుండె ఎత్తులో వదిలాడు. అవి ఎటు పోతున్నాయో చూశాడు. నాకు కళ్లంలో మా తాత గుర్తొచ్చాడు. తూర్పారబట్టే ముందు ఆయన కూడా ఇలాగే పిడికెడు పొట్టు వదిలి, కాసేపు ఆగి, అప్పుడు చేట ఎత్తేవాడు. గాలి సరిగా లేకపోతే చెట్టు కింద కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు కానీ తొందరపడేవాడు కాదు. ఈ ఆటలో ఆ వెసులుబాటు లేదు, వెనక ఇంకో జట్టు నిలబడి ఉంటుంది.

ఎదురుగాలిలో జరిగేది ఇది. గాలి ఎదురొస్తే డిస్క్ తన అసలు వేగం కంటే ఎక్కువ వేగంగా ఎగురుతున్నట్టు ప్రవర్తిస్తుంది. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చెయ్యి ఛాతీకి అడ్డంగా తెచ్చి) విసిరేవాళ్లకు అది కుడివైపుకు పొర్లుతుంది. ఎస్కేప్‌లా తేలికగా తిరిగే డిస్క్ అయితే పూర్తిగా తిరగబడుతుంది. వాలుగాలిలో దీనికి రివర్స్: లేవాల్సినంత లేవదు, తొందరగా ఎడమకు వాలి పడిపోతుంది. అడ్డగాలి ఇంకో రకం తంటా. డిస్క్ అడుగుభాగం కొంచెం గాలికి కనపడితే చాలు, గాలిపటంలా ఎత్తుకుపోతుంది. నేను ఎదురుగాలి అనగానే బలం పెంచాను. "బావా, గట్టిగా కాదు, కిందగా విసురు" అని వాడు మొత్తుకుంటూనే ఉన్నాడు. ఎస్కేప్ ముందు బాగానే పోయింది, తర్వాత వెల్లకిలా తిరిగింది, ఆపైన చక్రంలా దొర్లుకుంటూ ఎక్కడికో వెళ్లింది. నాలుగో బుట్ట దగ్గర మాత్రం, అక్కడ గాలి వీపు వెనక నుంచి వీస్తోంది, అదే ఎస్కేప్ అందంగా తేలుతూ ఉత్తరానికి పోయి నడుమెత్తు గడ్డిలో మాయమైంది. ఇరవై నిమిషాలు వెతికాం. దొరకలేదు.

అప్పటి నుంచి ఫెలన్ తీసి, తల ఎత్తు దాటకుండా, సగం బలంతో విసరడం మొదలుపెట్టాను. దూరం తగ్గింది కానీ డిస్క్ కనపడే చోటే పడసాగింది. పుట్టింగ్‌లో, అంటే దగ్గర నుంచి బుట్టలోకి వేయడంలో, మాత్రం పరువు దక్కలేదు. పదిహేను అడుగుల నుంచి వేసిన పుటర్ (అందుకు వాడే డిస్క్) ఎదురుగాలికి లేచి, బుట్ట మీదుగా వెళ్లి ముప్పై అడుగుల అవతల పడింది. తిరిగి వేస్తే ఈసారి వాలుగాలి, గొలుసుల కింద ఇనుప పళ్లేనికి కొట్టుకుంది. 18 బుట్టలు అయ్యేసరికి నాకు పార్ (కోర్సుకు నిర్ణయించిన విసుర్ల లెక్క) కంటే 27 ఎక్కువ, వాడికి 6. పొద్దున్నే మొదలుపెడితే గాలి ఇంత ఉండదట. అది వాడు ఆట అయ్యాక చెప్పాడు.

బస గురించి నా ఫిర్యాదు ఒకటి. హైవే ఎగ్జిట్ పక్కన ఒక మోటెల్‌లో 110 డాలర్లకు గది తీసుకున్నాం. కిటికీ చట్రం వదులుగా ఉండి రాత్రంతా గాలికి టకటక కొట్టుకుంది. మార్చమంటే గదులు లేవన్నారు. చివరికి మా ఆవిడ పిల్లల డైపర్ మడిచి సందులో దూర్చింది, నిద్ర పట్టింది. ఇంకోసారైతే కమర్షియల్ స్ట్రీట్‌కు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటాం. పెద్ద డిస్క్ గోల్ఫ్ టోర్నమెంట్లు, వేసవి మొదట్లో అన్‌బౌండ్ గ్రావెల్ సైకిల్ రేసు ఉంటాయి. ఆ వారాల్లో గది దొరకడమే కష్టం.

తిండికి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. శాకాహారులకు మెక్సికన్ హోటళ్లే దిక్కు. బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారేమో అడిగి మరీ తీసుకోండి. మేం తీసుకెళ్లిన పులిహోరే రెండు పూటలు గడిపింది.

ఆదివారం పొద్దున స్ట్రాంగ్ సిటీ వైపు ఇరవై మైళ్లు వెళ్లి టాల్‌గ్రాస్ ప్రైరీ నేషనల్ ప్రిజర్వ్ చూశాం. ప్రవేశం ఉచితం. నిజం చెప్పాలంటే ఈ ట్రిప్పులో మా ఆవిడకు నచ్చింది ఇదొక్కటే. సున్నపురాయిలో చెకుముకి రాళ్లు నిండి ఉండడంతో ఇక్కడ నాగలి దిగలేదు. అందుకే ఉత్తర అమెరికాలో ఒకప్పుడున్న ఎత్తుగడ్డి మైదానంలో మిగిలిన నాలుగు శాతం లోపు భాగంలో చాలామట్టుకు ఈ చెకుముకి గుట్టల్లోనే (ఫ్లింట్ హిల్స్) ఉంది. వసంతంలో రైతులు దీనికి నిప్పు పెడతారు, పదిహేను రోజుల్లో కొత్త చిగురు వస్తుంది. 2009లో తెచ్చి వదిలిన బైసన్ల మంద దూరంగా మేస్తూ కనపడింది, ఎర్రటి దూడలతో. "ఏమండీ, నిన్నంతా ఆ ప్లాస్టిక్ బిళ్లల వెంట తిరిగే బదులు ఇక్కడికే రావాల్సింది" అంది. నేనేం మాట్లాడలేదు. ప్యాంటు సాక్సుల్లో దోపుకుని నడవండి, మన పశువులకు పట్టే పిడుదుల్లాంటివి ఇక్కడి గడ్డిలోనూ ఉంటాయి.

తిరుగు దారిలో పీటర్ పాన్ పార్కులో ఆగాం. పత్రికా సంపాదకుడు విలియం అలెన్ వైట్ కుటుంబం, గుర్రపు స్వారీ ప్రమాదంలో చనిపోయిన కూతురు మేరీ జ్ఞాపకంగా ఊరికి ఇచ్చిన స్థలం అది. ఇక్కడా డిస్క్ గోల్ఫ్ కోర్సు ఉంది. పెద్ద చెట్లు గాలిని చాలావరకు ఆపేస్తాయి. మొదటిసారి ఆడేవాళ్లూ, పిల్లలతో వచ్చేవాళ్లూ ఇక్కడే మొదలుపెట్టండి. నేనైతే మళ్లీ జోన్స్ పార్కుకే వెళ్తాను, ఈసారి ఏడింటికల్లా.

బుధవారం నాకు తెలియని నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది. డిస్క్ అడుగున పేరు, ఫోన్ నంబర్ రాసుకోవడం ఈ ఆటలో అలవాటు. కొన్న రోజే బావమరిది మార్కర్‌తో రాయించాడు. మీ ఎర్ర ఎస్కేప్ దొరికింది, ఎప్పుడొస్తారు అని అడిగారు. అక్టోబర్‌లో, బ్లూస్టెమ్ గడ్డి ఎర్రబడే వేళకు వస్తామని జవాబిచ్చాను. అప్పటిదాకా మీ దగ్గరే ఉంచండి, వాలుగాలిలో బాగా పోతుంది అని కూడా రాశాను.