అంతర్వేది గాలిలో ఏడేళ్లు: నా అల్యూమినియం ట్రైపాడ్

మాది నర్సాపురం. పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి వైపు వెళితే అంతర్వేది లైట్‌హౌస్ ఎంతో దూరం కాదు. మామూలు రోజుల్లో దాన్ని ఎవరైనా ఫొటో తీస్తారు. నాకు మాత్రం మబ్బు కిందికి దిగి, సముద్రం మట్టి రంగుకి తిరిగినప్పుడు వెలిగే ఆ దీపం కావాలి. అందుకే 2018 నవంబరులో 9,000 రూపాయలు పెట్టి, కెమెరాని కదలకుండా నిలబెట్టే ఈ ట్రైపాడ్ కొన్నాను. మూడు మడతల అల్యూమినియం కాళ్లు, తిప్పి బిగించే లాకులు, బరువు దాదాపు 2 కేజీలు. నెల తిరక్కుండానే పెథాయ్ తుపాను వచ్చింది.

అది డిసెంబరు 17న కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. నేను ముందు రోజు సాయంత్రమే వెళ్లి, చీకటి పడగానే వెనక్కి వచ్చేశాను. తీసిన ఫొటోల్లో సగం పాడయ్యాయి. ఒక్కోదాంట్లో లైట్‌హౌస్ రెండుగా పడింది. తప్పు ట్రైపాడ్‌ది కాదు. మధ్య కడ్డీని పూర్తిగా పైకి లేపాను, కెమెరా బెల్టు గాలికి టపటపా కొట్టుకుంటూనే ఉంది. ఇప్పుడు బెల్టు తీసి జేబులో పెట్టుకుంటాను, కడ్డీని అసలు లేపను. కింద కొక్కేనికి ఖాళీ బియ్యం సంచి కట్టి తడి ఇసుక నింపుతాను. అయితే సంచి గాల్లో వేలాడకూడదు. ఊగితే ట్రైపాడ్‌ని కూడా ఊపుతుంది. అడుగు నేలకి ఆనీ ఆననట్టు ఉండాలి.

ఎక్కడ నిలబెట్టాలో చెప్పింది పల్లిపాలెం పెద్దాయన ఒకాయన. "అక్కడెట్టకండి బాబూ, కెరటం వెనక్కెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసక లాగేత్తాదండి" అన్నారు. నిజమే. తడి ఇసుక గట్టిగానే కనిపిస్తుంది, నాలుగు కెరటాలు వచ్చేసరికి ఒక కాలు నాలుగు వేళ్ల లోతు దిగిపోతుంది. అప్పటినుంచి సరుగుడు తోట అంచున, కెరటం చేరని చోటే పెడుతున్నాను.

ఇక లోపాలు. రెండో ఏడాదిలో ఒక లాకు బిగుసుకుపోయింది. సర్వీసు సెంటర్‌లో కాలు మొత్తం మార్చాలన్నారు. చాలా బాధేసింది. ఇంటికి తెచ్చి రాత్రంతా మంచినీళ్ల బకెట్లో నానబెట్టి, పొద్దున్నే రబ్బరు గుడ్డతో పట్టి తిప్పితే ఊడింది. లోపల మర చుట్ల మధ్య సన్నటి నల్ల ఇసుక, ఉప్పు తగిలి అల్యూమినియం మీద పట్టిన తెల్లటి పొడి. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి, కొంచెం సిలికాన్ గ్రీజు రాస్తే కొత్తదానిలా తిరిగింది. ఇప్పుడు సముద్రం దగ్గర నుంచి వచ్చిన ప్రతిసారీ ఆ రాత్రే కాళ్లు విప్పి కడుగుతాను. పొద్దున చూద్దాంలే అనుకుంటే ఉప్పు ఊరుకోదు.

బాల్ హెడ్, అంటే కెమెరాని బిగించి ఎటైనా తిప్పుకునే పైభాగం, మాత్రం అయిదేళ్లకే పోయింది. అడుగున తిరిగే భాగంలోకి ఇసుక చేరితే కరకరమంటుంది, దాన్ని విప్పడం మనవల్ల కాదు. వేరేది కొన్నాను. ఒక కాలి రబ్బరు బుడిపె కూడా ఎక్కడో ఊడిపోయింది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు వెళ్లినప్పుడు దారి పొడవునా కోసిన పనల మీద వాన. చేలగట్ల మీద రైతులు టార్పాలిన్లు పట్టుకుని పరుగెడుతున్నారు. ఫొటో తీయాలన్న మనసు సగం అక్కడే చచ్చిపోయింది. అయినా ఆ సాయంత్రమే నా దగ్గరున్న మంచి ఫొటో వచ్చింది. వెలుగుకీ వెలుగుకీ మధ్య ఎన్ని సెకన్లో ముందు లెక్కపెట్టుకున్నాను. ఓడలవాళ్లు గుర్తుపట్టడానికి లైట్‌హౌస్ వెలుగుకి ఒక లెక్క ఉంటుంది కదా. దానికి సరిపోయేలా షట్టర్ తెరిచి ఉంచాను. వాన చినుకుల మీద పడి, ఆ కిరణం దారంలా సముద్రం మీదికి సాగింది. అంతసేపూ ట్రైపాడ్ కదల్లేదు.

లెన్స్ మీద తుంపర పడితే పొడిగుడ్డతో తుడవకండి, ఉప్పు గీతలు పెడుతుంది. లెన్స్ ముందు బిగించే ఫిల్టర్ అద్దాన్ని తీసి సీసాలోని మంచినీళ్లతో కడగండి. బీచ్‌కి రావద్దని పోలీసులు చెబితే మాత్రం వాదించకుండా వెనక్కి వచ్చేయండి. గాలి పెరిగితే పంటు కూడా ఆపేస్తారు, ఇక చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి.

ఇదే రకం ట్రైపాడ్ మళ్లీ కొంటారా అంటే కొంటాను. మీరు కొనేటప్పుడు షాపులోనే ఒక కాలు పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి చూపించమనండి. విప్పడం కుదరదంటే, ఎంత చవగ్గా ఇచ్చినా ఆ మోడల్ వద్దు.