ఎమల్షన్ గోడకు ఒకటి, వెల్ల గోడకు ఇంకొకటి: రెండర్‌లో ఏ మెటీరియల్ మేలు?

ఇంటీరియర్ రెండర్ (ఇంటి లోపలి దృశ్యాన్ని కంప్యూటర్‌లో బొమ్మగా తయారుచేయడం) చేసేటప్పుడు సోఫా కుట్ల మీద గంటల కొద్దీ కూర్చుంటాం. గోడ దగ్గరకు వచ్చేసరికి ఒక రంగు వేసి ముందుకు వెళ్లిపోతాం. బొమ్మలో సగం జాగా గోడదే. చూసేవాళ్లు తప్పు ఎక్కడుందో చెప్పలేకపోయినా, ‘ఇది కంప్యూటర్‌లో చేసింది’ అని పసిగట్టేది చాలాసార్లు గోడను చూసే.

ఈ పనికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, నిజమైన గోడను ఫొటోలు తీసి తయారుచేసిన టెక్స్చర్ సెట్‌ను, అంటే మోడల్ మీద పరిచే బొమ్మలను, డౌన్‌లోడ్ చేసుకోవడం. పాలీ హేవెన్, యాంబియెంట్‌సీజీ లాంటి వెబ్‌సైట్లలో ఇవి సీసీ0 (హక్కులన్నీ వదులుకున్న) లైసెన్సుతో ఉచితంగా దొరుకుతాయి. డబ్బు తీసుకుని చేసే పనికీ నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. రెండోది, ఫొటో అవసరమే లేకుండా బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో నాయిజ్ నోడ్లతో (లెక్కతో అస్తవ్యస్త నమూనాలు పుట్టించే గడులతో) గోడను మనమే అల్లుకోవడం. దీన్నే ప్రొసీజరల్ అంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త ఫ్లాట్‌లో ఎమల్షన్ వేసిన గోడకు ప్రొసీజరలే మేలు. పాత వెల్ల గోడకు, పెచ్చులూడిన గోడకు ఫొటో టెక్స్చర్ మేలు.

ఎందుకో తెలియాలంటే అసలు గోడ మీద ఏముందో చూడాలి. సిమెంటు ప్లాస్టరింగ్ మీద లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, ఆపైన రోలర్‌తో ఎమల్షన్ రెండు కోట్లు వేస్తారు. మన అపార్ట్‌మెంట్లలో చాలా గోడలు ఇలా తయారైనవే. ఈ పని గోడ మీద రెండు గుర్తులు వదులుతుంది. రోలర్ వదిలేది సన్నటి గరుకు, మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల గింజ. లప్పం లాగిన బ్లేడు వదిలేది పెద్ద అల. వెడల్పు అర మీటరో మీటరో ఉంటుంది, ఎత్తుపల్లాల తేడా మాత్రం మిల్లీమీటరు అటూ ఇటూ. ఎదురుగా వెలుతురు పడినప్పుడు ఈ అల కనబడదు. కిటికీని ఆనుకున్న గోడ మీద, ఫాల్స్ సీలింగ్‌లో దాచిన ఎల్ఈడీ స్ట్రిప్ కింద, వెలుతురు గోడను రాసుకుంటూ జారేచోట మాత్రం స్పష్టంగా బయటపడుతుంది. కొత్త ఇంట్లో లైట్లు వెలిగించిన మొదటి రోజు రాత్రి ఇంటివాళ్లు పెయింటర్‌ను పిలిచి చూపించేది దీన్నే.

నిజమైన గోడ అనిపించేలా చేసేది ఈ పెద్ద అలే. ఫొటో టెక్స్చర్‌లో లేనిదీ అదే. టెక్స్చర్‌ను పక్కపక్కనే పరిస్తే అతుకు కనబడకూడదు కాబట్టి, తయారుచేసేవాళ్లు పెద్ద ఎత్తుపల్లాలను, వెలుగు తేడాలను చదును చేసేస్తారు. మిగిలేది సన్న గరుకు. ఆరు మీటర్ల హాలు గోడ మీద రెండు మీటర్ల టెక్స్చర్ వేస్తే ఒకే మచ్చ మూడు చోట్ల కనబడుతుంది. మచ్చలేమీ లేని టెక్స్చర్ ఎంచుకుంటే, అసలు టెక్స్చర్ వేసిన ఫలితమే కనబడదు.

సన్న గరుకు ఎంతవరకు పనికొస్తుందో చిన్న లెక్క వేసి చూడండి. మూడు మీటర్ల ఎత్తు గోడ, 1080 పిక్సెళ్ల ఎత్తున్న రెండర్‌లో పైనుంచి కిందిదాకా పట్టిందనుకుందాం. ఒక్కో పిక్సెల్‌కు దాదాపు 2.8 మిల్లీమీటర్ల గోడ వస్తుంది. రోలర్ గింజ అంతకన్నా చిన్నది. అంటే 4కే (పక్కకు 4096 పిక్సెళ్ల) టెక్స్చర్‌లోని ఆ వివరమంతా ఒక్క పిక్సెల్‌లో కలిసిపోతుంది. అలాంటి దూరంలో గింజను బంప్‌గా (ఉత్తుత్తి ఎత్తుపల్లంగా) పెడితే రెండర్‌లో చుక్కల మచ్చలు పెరుగుతాయి, వాటిని తుడిచే డీనాయిజర్ గింజను కూడా పులిమేస్తుంది. గింజ చేయాల్సిన పనిని రఫ్‌నెస్ (మెరుపు ఎంత చెదరాలో చెప్పే) విలువకే వదిలేయడం మంచిది. పైగా 8 బిట్, నాలుగు చానళ్ల 4కే మ్యాప్ ఒక్కటి గ్రాఫిక్స్ కార్డు మెమరీలో 64 ఎంబీ తీసుకుంటుంది. కలర్, రఫ్‌నెస్, నార్మల్ (ఉపరితలం ఎటు వంగిందో చెప్పేది) మ్యాప్‌లు కలిపి దాదాపు 200 ఎంబీ, కనబడని గింజ కోసం.

ప్రొసీజరల్‌లో నేను చేసేది ఇది. ముందుగా గోడ ఆబ్జెక్టుకు స్కేల్ అప్లై చేయాలి (సాగదీసిన స్కేల్‌ను 1గా స్థిరపరచాలి), అది చేయకపోతే లెక్కలన్నీ తప్పుతాయి. టెక్స్చర్ కోఆర్డినేట్ నోడ్ నుంచి ఆబ్జెక్ట్ తీసుకుంటే ఒక యూనిట్ ఒక మీటరు అవుతుంది. ఒక నాయిజ్ స్కేల్ 1.5 దగ్గర పెట్టి, బంప్ నోడ్‌లో డిస్టెన్స్ 0.001 ఇస్తే లప్పం అల వస్తుంది. ఇంకో నాయిజ్ స్కేల్ 500 పెడితే అది రోలర్ గింజ. కెమెరా గోడకు మీటరు లోపు ఉంటేనే దీన్ని కలుపుతాను. మూడో నాయిజ్‌ను రఫ్‌నెస్‌కు ఇచ్చి, విలువ 0.05 మేర పెరుగుతూ తగ్గుతూ ఉండేలా చూస్తాను. రోలర్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ రంగు తాగించిన తేడా దానితో వస్తుంది. బంప్‌ను కంటికి బాగా కనబడేదాకా పెంచాలనే ఆశ పుడుతుంది. అక్కడ ఆగాలి. పక్కవెలుతురులోనే కనబడి, ఎదురు వెలుతురులో మాయమైతే సరిగ్గా ఉన్నట్టు.

రంగు విషయంలో కూడా ప్రొసీజరలే ముందుంటుంది. క్లయింట్ షేడ్ కార్డు నంబరు చెబుతాడు, మర్నాడు ఇంకో నంబరు చెబుతాడు. ఫొటో టెక్స్చర్‌లో రంగు ఫొటోలోనే కలిసిపోయి ఉంటుంది. హ్యూ, శాచురేషన్ తిప్పుతూ ఆ షేడ్‌కు దగ్గరగా లాక్కురావాలి. ప్రొసీజరల్‌లో ఆ విలువను నేరుగా బేస్ కలర్‌లో పెడితే సరిపోతుంది.

పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. తెల్ల గోడ అనగానే ఆర్‌జీబీ మూడింటికీ గరిష్ఠ విలువ 255 పెట్టకూడదు. అంటే పడిన వెలుతురంతా తిరిగి వచ్చేస్తుందని అర్థం, అలాంటి గోడ ఎక్కడా లేదు. మంచి తెల్ల పెయింట్ సుమారు 80 శాతం తిప్పిపంపుతుంది. తెరలు వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగు విధానంలో అది 231 దగ్గర ఉంటుంది. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ గదిలో వెలుతురు ఒక గోడ నుంచి ఇంకో గోడకు తగులుతూనే ఉంటుంది. 0.8 గోడలకు పది సార్లు తగిలాక మిగిలేది సుమారు 11 శాతం. 0.95 పెడితే 60 శాతం మిగులుతుంది. మూలల్లో ఉండాల్సిన నీడ మాయమై గది పాలిపోయేది అందువల్లే. చాలా పెయింట్ కంపెనీలు షేడ్‌తోపాటు ఎల్‌ఆర్‌వీ అనే సంఖ్య ఇస్తాయి. ఆ షేడ్ ఎంత శాతం వెలుతురు తిప్పిపంపుతుందో చెప్పేది అదే. వెబ్‌సైట్లోని రంగు గడి నుంచి ఐడ్రాపర్‌తో తీసిన విలువ కన్నా దీన్ని నమ్మండి, గడి రంగు దానికి సరిపోకపోతే వెలుగు స్థాయి మార్చండి.

ఇంకోటి, బ్లెండర్ 4.0 నుంచి డిఫాల్ట్‌గా ఉన్న ఏజీఎక్స్ వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (రెండర్ వెలుతురును తెర రంగులుగా మార్చే సెట్టింగ్) రంగుల గాఢతను కొంచెం తగ్గిస్తుంది. షేడ్ కలవలేదని క్లయింట్ అంటే మెటీరియల్‌ను ముట్టుకునే ముందు అక్కడ చూడండి.

మెరుపు రెండు దారుల్లోనూ మీ చేతిలోనే ఉంటుంది. మ్యాట్ ఎమల్షన్‌కు రఫ్‌నెస్ 0.7 నుంచి 0.85, షీన్ ఉన్నదానికి 0.45 చుట్టూ, కిటికీ చట్రాల ఎనామిల్‌కు 0.15 దగ్గర మొదలుపెడతాను. మ్యాట్ కదా అని స్పెక్యులర్‌ను (ఉపరితలం నుంచి వచ్చే ప్రతిఫలనాన్ని) సున్నా చేయవద్దు. ఐఓఆర్ (వక్రీభవన గుణకం) 1.5 ఉన్న ఏ పెయింటైనా ఎదురుగా చూస్తే 4 శాతం ప్రతిఫలిస్తుంది, ఏటవాలుగా చూస్తే ఇంకా ఎక్కువ. కారిడార్ గోడను పొడుగునా చూసినప్పుడు చివర్లో కనిపించే లేత మెరుపు దాని నుంచి వచ్చేదే.

ఇక పాత గోడ. సున్నంలో కాస్త నీలం కలిపి ఏటా వెల్ల వేసిన ఇల్లు, అడుగున జాజు పట్టీ, దాని మీద చెమ్మ. ఇక్కడ నాయిజ్ ఓడిపోతుంది. నాయిజ్ మచ్చలు ఎక్కడైనా పుడతాయి, నిజమైన మచ్చకు కారణం ఉంటుంది. చెమ్మ నేల నుంచి పైకి పాకుతుంది. కిటికీ అడుగు అంచు కింద వాన నీటి చారలుంటాయి. మంచం తలవైపు నూనె జిడ్డు, స్విచ్‌బోర్డు చుట్టూ చేతుల మరక. ఊడిన పెచ్చు అంచున పొరలు ఒక్కొక్కటిగా, పండగకొకటి చొప్పున వేసిన వెల్లలన్నీ లెక్కపెట్టేలా కనిపిస్తాయి. ఆ అంచును నోడ్లతో అల్లడానికి పట్టే సమయంలో, మంచి స్కాన్ (నిజమైన గోడ నుంచి తీసిన టెక్స్చర్) ఒకటి వెతికి, దాన్ని సరైన చోట మాత్రమే కనబడేలా మాస్క్ గీసుకోవచ్చు. గోడంతా పరచవద్దు. శుభ్రమైన భాగానికి ప్రొసీజరల్, దెబ్బతిన్న భాగానికి స్కాన్, మధ్యలో చేత్తో గీసిన మాస్క్. పాత ఇళ్లకు నాకు నచ్చే పద్ధతి ఇదే.

మీ ఊళ్లోని గోడనే తీయాలనుకుంటే మబ్బు పట్టిన రోజు తీయండి, ఎండ నీడ ఫొటోలోకి రాదు. ఒక్క ఫొటో నుంచి నార్మల్ మ్యాప్ చేసిచ్చే టూల్స్‌ను మాత్రం నమ్మవద్దు. అవి చాలావరకు ముదురు రంగును లోతు అనుకుంటాయి. జిడ్డు మరక గుంటగా మారిపోతుంది. వేర్వేరు కోణాల్లో చాలా ఫొటోలు తీసి, వాటి నుంచి ఆకారాన్ని లెక్కకట్టే ఫొటోగ్రామెట్రీతో చేస్తే నిజమైన లోతు వస్తుంది.

రెండర్ బొమ్మగా కాక, క్లయింట్ ఫోన్‌లోనో అన్‌రియల్ గేమ్ ఇంజిన్‌లోనో గదిలో తిరుగుతూ చూసే వాక్‌త్రూగా ఇవ్వాల్సి వస్తే లెక్క మారుతుంది. బ్లెండర్ నోడ్లు అక్కడికి యథాతథంగా వెళ్లవు, బేక్ చేయాలి, అంటే వాటి ఫలితాన్ని బొమ్మగా అచ్చు తీయాలి. బేక్ చేశాక అది కూడా టెక్స్చరే, మెమరీ ఖర్చు తప్పదు. అప్పుడు గోడంతటికీ పెద్ద అలను మాత్రం తక్కువ రిజల్యూషన్‌లో, 1కే సరిపోతుంది, నార్మల్ మ్యాప్‌గా బేక్ చేస్తాను. పైన సన్న గరుకుకు చిన్న స్కాన్ టైల్‌ను పరుస్తాను. పెద్ద అల ఎక్కడా తిరిగి రాదు కాబట్టి పైన టైల్ తిరిగొస్తున్న సంగతి కంటికి దొరకదు.