రిచీ వీధిలో కార్ట్రిడ్జ్ బిగించుకునే ముందు ఇది చదవండి

మధ్యాహ్నం జరిగింది. కోపం ఇంకా దిగలేదు, కాబట్టి వాక్యాలు అడ్డదిడ్డంగా ఉంటే సర్దుకోండి.

చెన్నై రిచీ వీధిలో రికార్డు ప్లేయర్ల సామాను అమ్మే ఆ దుకాణమే. పేరు రాయను, మీలో సగం మందికి తెలుసు. నాన్నగారి ఘంటసాల రికార్డుల కోసం డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్, అంటే ప్లేయరు చేతి చివర ముల్లుతో ఉండి రికార్డు గాడిని చదివే చిన్న భాగం, కొన్నాను. 1962 నాటి మోడలు, ఇప్పటికీ తయారవుతోంది. ఆరు నెలలు దాచిన డబ్బు. "మన తెలుగువారే కదా సార్, బిగింపు ఉచితం, ప్లేయరు తీసుకురండి" అన్నాడు కౌంటరు దగ్గరి మనిషి. ఉచితం అన్న మాట వినగానే నేను ఆటో ఎక్కి, ప్లేయరును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని మరీ వెళ్లాను.

"తొడుగు అడ్డం వస్తోంది, తీసేయండి సార్" అన్నాడు. ముల్లుకు రక్షణగా ఉండే ఆ ప్లాస్టిక్ తొడుగును నా చేతులతో నేనే తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. అతను మామూలు ఉక్కు స్క్రూడ్రైవరు తీశాడు. ఇది మూవింగ్ కాయిల్ రకం, అంటే ముల్లుతో పాటు తీగచుట్ట కదిలేది, లోపల గట్టి అయస్కాంతం ఉంటుంది. ఈ సంగతి నాకు తెలుసు! తెలిసీ బొమ్మలా నిలబడి చూశాను. మొన దగ్గరికి వచ్చీ రాగానే కార్ట్రిడ్జ్ దాన్ని లాగేసుకుంది. టిక్. అంతే, అంత చిన్న శబ్దం.

ఫోను వెలుగులో చూస్తే, ముల్లును మోసే అల్యూమినియం కడ్డీ ఎడమవైపు వంగి ఉంది, తొక్కిన దోమకాలులా. నేను "ఆగండి" అనేలోపే "ఏమీ కాలేదు సార్, సరిచేస్తాను" అంటూ పట్టకారు తీసుకున్నాడు. విరిచాడు. చివరనున్న వజ్రపు మొన గాజుబల్ల మీద ఎక్కడో పడింది. నేను వంగి వెతుకుతుంటే అతను దుమ్ముగుడ్డ తీసుకుని బల్ల శుభ్రంగా తుడిచేశాడు. ఎంత పరిశుభ్రతో!

ఆ క్షణం నుంచి అతను తెలుగు మరిచిపోయాడు. అంతా తమిళమే. నాకు తమిళం బాగానే వచ్చు, అందుకే ప్రతి మాటా గుచ్చుకుంది. తొడుగు తీసింది నేనట, కాబట్టి పూచీ నాదట. బిల్లు తిప్పి, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అన్న వరుస మీద వేలు పెట్టి చూపించాడు. తీయమన్నది ఎవరని అడిగితే, వెనకున్న కొనుగోలుదారు వైపు తిరిగి "చెప్పండి సార్" అన్నాడు. అది మాత్రం తెలుగులోనే. పాపం, ఆయన కూడా మనవాడే కాబోలు.

ముల్లుతో పాటు అయస్కాంతం కదిలే మూవింగ్ మాగ్నెట్ రకమైతే చాలావాటికి ముల్లు భాగం ఒక్కటే లాగి కొత్తది పెట్టుకోవచ్చు. దీనికి ఆ వీలు లేదు. కొత్త కడ్డీ, కొత్త మొన అతికించే నిపుణులు ఉన్నారు కానీ, ఆ ఖర్చు గురించి ఈ రాత్రి ఆలోచించదలచుకోలేదు.

సరే, మీకు పనికొచ్చేది చెబుతాను. బిగించేటప్పుడు తొడుగు ఉంచండి, ఎవరు ఎంత చెప్పినా. ముల్లు రికార్డు మీద మోపే బరువు, ప్లేయరు చేతి ఎత్తు సరిచూడటానికి మాత్రమే తీయండి. ఇత్తడి లాంటి అయస్కాంతానికి అంటుకోని స్క్రూడ్రైవరు వాడండి, లేదంటే వాళ్లను వాడమనండి. ముల్లు దుమ్ము దులపాలంటే బ్రష్షును వెనక నుంచి ముందుకే కదపాలి, పక్కలకు కాదు. వంగిన కడ్డీని పట్టకారుతో ముట్టనివ్వకండి. డీఎల్-103కి ముల్లు మోపాల్సిన బరువు 2.5 గ్రాములు, "కొంచెం ఎక్కువ పెడితే బాగా పాడుతుంది" అనే మేధావి కూడా ఆ దుకాణంలోనే ఉన్నాడు. పెట్టె తెరిచిన వెంటనే, వాళ్ల ముందే ముల్లును ఫొటో తీయండి. నేను తీయలేదు.

ఇప్పుడే మా ఆవిడ ఉతకడానికి చొక్కా తీస్తూ జేబులోని తొడుగు నా ముందు పెట్టి, ఇది దేనిదని అడిగింది.