చెరువు పూడిక మట్టికి గ్యాసా, లిక్విడా?

చిత్తూరు వైపు ఏదైనా పాత చెరువులో గొట్టం దింపి, పూడిక మట్టిని పొరలు చెదరకుండా పైకి తీశాక, ఏ కాలంలో ఆ చెరువు పరీవాహకంలో ఏ మొక్కలు పెరిగాయో ఆ మట్టిలోని సేంద్రియ అణువులతో తేల్చాలంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ (మిశ్రమాన్ని ఆవిరి చేసి, వాయువుతో సన్నని గొట్టంలో నడిపి విడదీసే పద్ధతి) మేలా, లిక్విడ్ క్రొమటోగ్రఫీ (అదే పనిని ద్రవంతో చేసేది) మేలా అన్న ప్రశ్న తప్పదు. ఆకుల మైనం సంగతి అయితే నేను గ్యాస్ వైపే మొగ్గుతాను.

ఆకు కుళ్లిపోయినా దాని మైనంలోని పొడవాటి ఆల్కేన్లు (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న గొలుసు అణువులు) ఎంతో కాలం నిలుస్తాయి. 30 మీటర్ల పొడవు, 0.25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న కాలమ్‌లో (విడదీసే గొట్టంలో) హీలియం పంపుతూ వేడిని మెల్లగా 300 డిగ్రీల వరకు పెంచితే, గ్రాఫు మీద 27, 29, 31 కార్బన్ల బేసి గొలుసుల శిఖరాలు పొడుగ్గా, నడుమ సరి గొలుసులవి పొట్టిగా వరుస కడతాయి. ఆ శిఖరాల్లోని అణువులనే కాల్చి కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్) పాలును కొలిస్తే, చెరకు, సజ్జ వంటివి ఒకవైపు, మామిడి, వేరుశనగ, వరి మరోవైపు విడిపోతాయి. లిక్విడ్ పరికరంలో ఈ ఆల్కేన్లు సరిగా అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) కావు కనుక అక్కడ ఈ కథ దొరకదు.

అయితే గ్యాస్‌కు చాదస్తం ఎక్కువ. తడ దగ్గరి పులికాట్ నల్ల బురద నుంచి తీసిన ద్రవంలో ఆమ్లంతో కడిగిన రాగి ముక్కలు వేస్తే, కాసేపటికి అవి నల్లబడతాయి. అలా నల్లబరిచేది బురదలోని గంధకం; దాన్ని తీయకపోతే గ్రాఫులో ఆల్కేన్ల మీద పెద్ద గుట్ట లేస్తుంది. మట్టిని ప్లాస్టిక్ కవరులో తెస్తే అణు ముక్కల బరువు చూసే గ్రాఫులో 149 ద్రవ్యరాశి దగ్గర థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) పలకరిస్తాయి (అల్యూమినియం రేకు చవకే కదా). కొవ్వు ఆమ్లాలనైతే ముందుగా రసాయనికంగా మార్చాలి. ఆ చర్యకు తేమ పడదు.

బ్యాక్టీరియా పొరల్లోని బరువైన కొవ్వులు ఉన్నవి ఉన్నట్లుగా ఆవిరి కావు; నేల పాత ఉష్ణోగ్రతను అంచనా వేసేందుకు 2007లో ప్రతిపాదించిన కొలమానం వాటినే ఆధారం చేసుకుంది కనుక, అక్కడ మామూలుగా లిక్విడ్‌దే దారి. మామిడి తోటల్లో తేనెమంచు పురుగుకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ మందు కూడా వేడికి చెడిపోయేదే కనుక లిక్విడ్‌కే వెళ్లాలి.

చేతిలో ఉన్నది కొద్దిపాటి మట్టే అయితే, డైక్లోరోమీథేన్-మెథనాల్ 9:1 మిశ్రమంతో ఒక్కసారే పిండి, సిలికా కాలమ్‌పై హెక్సేన్‌తో దిగినదాన్ని గ్యాస్‌కూ, ఆ తరువాత మెథనాల్ కలిపిన ద్రావణితో దిగినదాన్ని వడగట్టి లిక్విడ్‌కూ పంపవచ్చు.