కాకుటూరు క్యాంపసా, నెల్లూరు టౌన్‌హాలా? సాహిత్యోత్సవానికి ఏది మేలు?

నెల్లూరు దగ్గర కాకుటూరులో ఉన్న విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం విద్యార్థులు సొంతంగా సాహిత్యోత్సవం పెట్టుకోవాలంటే, అతిథుల పేర్లకన్నా ముందు తేలాల్సింది చోటు. చాలామంది హాలు అద్దె చూసి తేల్చేస్తారు. చూడాల్సింది సాయంత్రం ఆరింటికి కుర్చీల్లో ఎవరుంటారన్నది.

క్యాంపస్‌లో పొద్దున పదింటికి జనానికి కొదవుండదు. బస్సులు కదిలే వేళకు డేస్కాలర్లు సంచులు సర్దుకుంటారు, ఇక మిగిలేది హాస్టల్ పిల్లలే. టౌన్‌హాల్ దీనికి తలకిందులు. పొద్దున వెలవెలబోతుంది. ఐదున్నర దాటాక రిటైరైన పంతుళ్లు, ఉద్యోగులు, పద్యమంటే చెవి కోసుకునేవాళ్లు ఒక్కొక్కరే వస్తారు. వాళ్లను కాకుటూరు రమ్మంటే సగం మంది రారు. చీకటిపడ్డాక హైవే మీద తిరుగు ప్రయాణమంటే పెద్దవాళ్లు వెనకాడతారు.

పోటీలకు మాత్రం క్యాంపసే. విరాటపర్వం నుంచి తిక్కన పద్యాల పఠనం పెట్టారనుకోండి. నలభై మంది, మనిషికి మూడు నిమిషాలంటే రెండు గంటలే కదా అనిపిస్తుంది. పేరు పిలవడానికి, మైకు సర్దడానికి మరో నిమిషం కలిపితే రెండు గంటల నలభై నిమిషాలు. అద్దె హాల్లో ఆ నలభై నిమిషాలు తర్వాతి కార్యక్రమాన్ని మింగేస్తాయి. క్యాంపస్‌లోనైతే రెండు తరగతి గదుల్లో సమాంతరంగా నడిపించి, చెరి నలుగురిని ఫైనల్‌కు తీసుకోవచ్చు.

అష్టావధానం పెట్టేటట్టయితే టౌన్‌హాల్‌కే మా ఓటు. అంటే ఎనిమిదిమంది పృచ్ఛకులు (ప్రశ్నలడిగేవాళ్లు) తలో చిక్కు పెడుతుంటే అవధాని అప్పటికప్పుడు పద్యాలు అల్లే సభ. క్యాంపస్‌లో షామియానా కింద పెడితే గాలికి బట్ట కొట్టుకునే చప్పుడు, జనరేటర్ రొద. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఏ అక్షరం వద్దన్నాడో వెనక వరుసకు వినపడకపోతే అసలు రసమే పోతుంది. ఎనిమిదిమందికి ఎనిమిది మైకులు అక్కర్లేదు. అవధానికొకటి, అప్రస్తుత ప్రసంగానికి (సంబంధంలేని మాటలతో అవధాని దృష్టి మళ్లించే పృచ్ఛకుడికి) ఒకటి, మిగతావారి మధ్య తిరగడానికి రెండు కార్డ్‌లెస్‌లు చాలు. మాట్లాడని మైకు ఆపేయడానికి మిక్సర్ దగ్గర మనిషి కదలకుండా కూర్చోవాలి, లేకపోతే కూత మొదలవుతుంది. రెండో ఆవృత్తి (పృచ్ఛకులందరినీ ఒకసారి చుట్టివచ్చే విడత) మధ్యలో బ్యాటరీ చచ్చిపోతే అవధాని ధారణ (పద్యాలను గుర్తుంచుకోవడం) చెదరకపోవచ్చు గానీ, సభ చెదురుతుంది. కొత్త సెల్స్ దగ్గరుంచుకోండి.

పుస్తకాల అమ్మకం కూడా ఊళ్లోనే నయం, కొనేవాళ్లు సాయంత్రం వచ్చేవాళ్లే. స్టాలుకు ఆరడుగుల బల్లలు రెండు. ప్రచురణకర్త ఇచ్చిన కాపీల లెక్క రెండు కాగితాల మీద రాసి ఇరువైపులా సంతకాలు చేసుకోండి. ఉత్సవం అయ్యాక తగాదాలొచ్చేది ఎక్కువగా అక్కడే.

ఖర్చులో టౌన్‌హాల్‌కు అద్దెతో పాటు బస్సులూ కలపాలి. నూరు మంది హాస్టల్ పిల్లల్ని ఒకే బస్సులో రెండు ట్రిప్పులు తెస్తే, రెండో జట్టు వచ్చేసరికి మొదటి ప్రసంగం ముగుస్తుంది. రెండు బస్సులు మాట్లాడండి. అద్దె గంటల లెక్కా, రోజు లెక్కా, కరెంటు పోతే డీజిల్ ఎవరిదో రసీదు మీద రాయించుకోండి. క్యాంపస్‌లో హాలు ఉచితమే కావచ్చు. కానీ అతిథిని స్టేషన్ నుంచి తేవాలి, మళ్లీ దిగబెట్టాలి, రెండుసార్లు కారు.

నెల విషయంలో తర్జనభర్జన అక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, షామియానా మాటే ఎత్తొద్దు. జనవరి చివర, ఫిబ్రవరి బాగుంటాయి. రొట్టెల పండుగ రోజుల్లో ఊళ్లో లాడ్జి గది దొరకడం కష్టం. అది మొహర్రంతో పాటు ఏటా సుమారు పదకొండు రోజులు ముందే వస్తుంది, క్యాలెండర్ చూసుకోండి.

రెండు రోజులు దొరికితే మొదటిరోజు పోటీలు క్యాంపస్‌లో, రెండోరోజు మధ్యాహ్నం మూడు నుంచి టౌన్‌హాల్లో ఫైనల్స్, అవధానం. ఒక్కరోజే అయితే టౌన్‌హాల్‌నే ఎంచుకుని పోటీలు తగ్గించుకోండి. అమ్మాయిల హాస్టల్‌కు తిరిగొచ్చే వేళ రాసిన అనుమతి పత్రం వారం ముందే వార్డెన్ చేతికి అందాలి. అది లేకపోతే అవధానం మూడో ఆవృత్తిలో ఉండగానే సగం సభ లేచి బస్సెక్కుతుంది.