డార్క్‌టేబుల్‌తో నాలుగు చలికాలాలు

నాలుగేళ్లుగా నా రా ఫైళ్లన్నీ, అంటే కెమెరా సెన్సర్ అందుకున్నదాన్ని దాదాపు అలాగే దాచే ఫైళ్లను, డార్క్‌టేబుల్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఎడిట్ చేస్తున్నాను. ఉచితం కదా అని వేసుకున్నాను, వారం తిరక్కుండానే విసుగొచ్చి తీసేశాను, నెల పోయాక మళ్లీ వేసుకున్నాను. మొన్నటి చలికాలం మంచు కొండల్లో తీసిన ఆరొందల చిల్లర ఫొటోలు పూర్తయ్యాయి కాబట్టి, ఇక దీని గురించి ధైర్యంగా రాయొచ్చు.

మంచుతో తంటా కెమెరాలోనే మొదలవుతుంది. ఫ్రేమంతా తెల్లగా ఉంటే కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ దాన్ని నడిమి బూడిద రంగుగా లెక్కేసి ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు అందే వెలుగు, తగ్గించేస్తుంది. ఒకటి, ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపు) మనమే పెంచి తీయాలి. తెలిసి కూడా మొదటి రోజు మర్చిపోయాను. వేళ్లు కొంకర్లు పోతుంటే డయల్ తిప్పాలని ఎవరికి గుర్తుంటుంది! వచ్చాక తెరిచి చూస్తే అన్నీ సున్నంలో బూడిద కలిపినట్టున్నాయి. 14 బిట్ల రా ఫైళ్లు కాబట్టి బతికిపోయాను. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే వీటిలో 16,384 ఉంటాయి. ఎక్స్‌పోజర్ 1.3 ఈవీ, అంటే 1.3 స్టాప్‌లు, పెంచేసరికి మంచుకు ప్రాణం వచ్చింది.

నాకు అసలు పాఠం నేర్పింది రంగు. తెల్లవారుజామున గడ్డకట్టిన చెరువు ఫొటో ఒకటుంది. ముందున్న మంచు అంతా నీడలో, వెనక శిఖరం కొసన మాత్రం ఎండ. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పనికి ఉండే పనిముట్టును మాడ్యూల్ అంటారు. రంగులు సరిచేసే కలర్ కాలిబ్రేషన్ మాడ్యూల్‌లో, ఫొటోలోంచి రంగు ఎంచుకునే పికర్ తీసుకుని, మంచు అంటే తెలుపే కదా అని ముందున్న మంచు మీద గీశాను. అది కాగితంలా తెల్లబడింది, శిఖరం మాత్రం పండిన నారింజలా తయారైంది. చలి మొత్తం పోయింది. నీడలోని మంచుకు వెలుగు వచ్చేది సూర్యుడి నుంచి కాదు, ఆకాశం నుంచి. ఆ నీలం తప్పు కాదు, అక్కడ నిజంగా ఉన్నదే. ఏది తెలుపో నిర్ణయించే వైట్ బ్యాలెన్స్ పగటి వెలుగు దగ్గరే ఉంచి, ముందుభాగానికి చేత్తో మాస్క్ (మార్పు ఎక్కడ పడాలో చెప్పే హద్దు) గీసి, నీలం గాఢత కాస్త తగ్గించి వదిలేశాను. ఇప్పుడు ఆ ఫొటో చూస్తే మళ్లీ వేళ్లు లాగుతాయి.

నాకు బాగా నచ్చింది టోన్ ఈక్వలైజర్, చీకటి వెలుగులను విడివిడిగా సర్దే మాడ్యూల్. చీకటిగా ఉన్న దేవదారు చెట్ల మీద మౌస్ పెట్టి చక్రం తిప్పితే ఆ వెలుగు స్థాయిలో ఉన్న చోట్లన్నీ లేస్తాయి, ఎండలో మెరిసే మంచు అలాగే ఉంటుంది. అయితే ముందు దాని మాస్క్ సరిచేసుకోవాలి. లేకపోతే కొండ అంచుల వెంట తెల్లటి వలయం పుట్టుకొస్తుంది. ఈ సంగతి తెలియక ఏడాదిపాటు ఆ మాడ్యూల్‌నే తిట్టుకున్నాను. నాయిస్ (ఫొటోలోని రవ్వ రవ్వ మచ్చలు) తగ్గించే మాడ్యూల్ కెమెరానూ, వెలుగుకు సెన్సర్ సున్నితత్వం చెప్పే ఐఎస్ఓనూ చూసి తనే సర్దుకుంటుంది, దానితో పేచీ లేదు. పొగమంచు మసక తీసే హేజ్ రిమూవల్ జోలికి మాత్రం తక్కువగా వెళ్లండి. నేను మోజుపడి లాగితే లోయలోని పొగమంచు మాయమై, ఏ మధ్యాహ్నమో తీసినట్టయింది.

ఇక కష్టాలు. మాడ్యూళ్లు లెక్కకు మిక్కిలి, ఒకే పనికి రెండు మూడు దారులు. ఫొటోలోని వెలుగును తెరకు సరిపడేలా కుదించే మాడ్యూళ్లలో ఫిల్మిక్ వాడాలా, సిగ్మాయిడ్ వాడాలా అన్న మీమాంసలోనే నాకు ఒక చలికాలం గడిచిపోయింది. ఇప్పుడు సిగ్మాయిడ్‌తో సరిపెట్టుకుంటున్నాను. గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్‌లో బరువైన మాడ్యూళ్లు రెండు ఆన్ చేస్తే స్లైడర్ కదిపిన ప్రతిసారీ ఆగి చూడాల్సిందే.

ఒకసారి ఫోల్డర్ల పేర్లు బయటినుంచే మార్చేశాను. సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఫొటోల బదులు వరసగా పుర్రె బొమ్మలు! గుండె జారిపోయింది. తప్పు నాదే, పేరు మార్చడం ఆ ప్రోగ్రామ్ లోపలే చేయాలి. నయం, ప్రతి ఫొటో పక్కనా ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైల్‌లో మన ఎడిట్లన్నీ రాసి ఉంటాయి. కొత్త ఫోల్డర్లను మళ్లీ ఇంపోర్ట్ చేస్తే అన్నీ తిరిగొచ్చాయి. అసలు రా ఫైల్‌ను అది ముట్టుకోనే ముట్టుకోదు.

వాడదలిస్తే ఒక్క జాగ్రత్త. కొత్త వెర్షన్ వేసుకునే ముందు, డార్క్‌టేబుల్ మన ఫొటోల జాబితా దాచుకునే లైబ్రరీ డేటాబేస్ కాపీ తీసి పక్కన పెట్టుకోండి. కొత్తది దాన్ని తనకు తగ్గట్టు మార్చుకున్నాక పాత వెర్షన్‌లో అది ఇక తెరుచుకోదు.