సీగ్‌ఫ్రీడ్‌తో ఐదేళ్లు: అట్టపెట్టెలోని పాత డీటీపీ ఫైళ్లు

విజయవాడలో 1996 నుంచి డీటీపీ పని చేస్తున్నాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, వార్షికోత్సవ సంచికలు, కవితా సంపుటాలు, అన్నీ చేశాను. పని అయిపోగానే ఫైలును ఫ్లాపీలో వేసి, పైన పెన్నుతో పని ఇచ్చిన పార్టీ పేరు రాసి అట్టపెట్టెలో పెట్టడం అప్పటి అలవాటు. తర్వాత జిప్ డిస్కులు, సీడీలు, పాడైన కంప్యూటర్ల నుంచి విప్పిన హార్డ్ డిస్కులు కూడా ఆ పెట్టెల పక్కనే చేరాయి.

ఐదేళ్ల కిందట ఒక కవిగారి అమ్మాయి షాపుకు వచ్చింది. ఆయన పోయి అప్పటికి ఏడాది. "బాబాయ్‌గారూ, నాన్న రెండో పుస్తకం మీ దగ్గరే కంపోజ్ అయింది కదా. మా ఇంట్లో ఒక్క కాపీ కూడా మిగల్లేదు. ఫైలేమైనా ఉందేమో చూస్తారా?" అని అడిగింది. "ఉండాలమ్మా, వెతికి ఫోన్ చేస్తాను" అన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ వెతుకులాటలోనే, ఫైలు ఏ రకమో చెప్పే సీగ్‌ఫ్రీడ్ అనే సాఫ్ట్‌వేర్ చేతికొచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా వాడుతూనే ఉన్నాను. నాలాగా పాత ఫైళ్లు దాచుకున్న డీటీపీ వాళ్లకు, ప్రెస్సుల వాళ్లకు, చిన్న పత్రికల వాళ్లకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందు ఇబ్బంది ఏమిటో చెప్పాలి. ఫ్లాపీలు, డిస్కులు అన్నీ ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే సుమారు పదకొండు వేల ఫైళ్లు తేలాయి. డాస్ రోజుల్లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు అక్షరాలు మాత్రమే ఉండేవి. అందుకని పేర్లన్నీ ఫైనల్2, కొత్త1, బుక్, ఏ2 లాంటివే. చుక్క తర్వాతి మూడు అక్షరాలను కూడా చాలామంది సొంతానికి వాడుకున్నారు. మొదటి ప్రూఫ్ అయితే పీ1, రెండోది అయితే పీ2 అని పెట్టేవాళ్లం. ఇప్పటి విండోస్ ఆ మూడు అక్షరాలను చూసే ఇది ఏ రకం ఫైలో తేల్చుకుంటుంది. పీ1 అంటే దానికి తెలియదు. దేంతో తెరవమంటావు అని తిరిగి మనల్నే అడుగుతుంది. రకమే తెలియని ఫైలు లోపలి మాటలను అది వెతకలేదు.

సీగ్‌ఫ్రీడ్ పేరు చూడడంతో ఆగదు, ఫైలు లోపలి బైట్లను చూస్తుంది. చాలా రకాల ఫైళ్లకు మొదట్లోనే ఒక గుర్తు ఉంటుంది. పీడీఎఫ్ అయితే శాతం గుర్తు, దాని వెంటే పీడీఎఫ్ అనే అక్షరాలు. జిప్ ఫైలు పీకే అనే రెండక్షరాలతో మొదలవుతుంది, అవి దాన్ని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలు. ఇలాంటి గుర్తులన్నీ ఒకచోట చేర్చిన పట్టిక ప్రోనమ్. బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ వాళ్లు 2002 నుంచి దాన్ని పెంచుకుంటూ వస్తున్నారు. అందులో ప్రతి రకానికీ ఒక నంబరు ఉంటుంది. ఉదాహరణకు వర్డ్ 97 నుంచి 2003 వరకు వచ్చిన ఫైళ్లకు ఎఫ్‌ఎమ్‌టీ/40. ఆ ఆర్కైవ్స్ వాళ్లదే డ్రాయిడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, జావాలో నడుస్తుంది. రిచర్డ్ లెహేన్ అనే ఆయన అదే పట్టికతో పనిచేసేలా గో భాషలో రాసిందే సీగ్‌ఫ్రీడ్. డబ్బు కట్టక్కర్లేదు, కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది.

దీనికి బటన్లు, కిటికీలు ఏవీ లేవు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎఫ్ అని కొట్టి ఫోల్డర్ పేరు ఇవ్వాలి. మౌస్‌తో అలవాటైన మాకు మొదటి రెండు రోజులు టెన్షన్‌గానే ఉంటుంది. కానీ డాస్‌లో పనిచేసిన వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. సీఎస్‌వీ అని ఆప్షన్ ఇస్తే ఫలితమంతా ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా వస్తుంది. నేను ఎప్పుడూ అలాగే తీస్తాను. ఆ పట్టికలో నాకు బాగా నచ్చినవి రెండు కాలమ్‌లు. ఒకటి ఆధారం: ఎన్నో బైటు దగ్గర ఏ గుర్తు చూసి ఈ రకమని చెప్పిందో రాస్తుంది. రెండోది హెచ్చరిక: లోపలున్న రకానికీ పేరు చివరి అక్షరాలకూ పొసగకపోతే చెబుతుంది. కేవలం పేరు చూసి ఊహిస్తే ఆ సంగతి కూడా దాచదు. తెలియకపోతే తెలియదనే రాస్తుంది. ఆ నిజాయితీ వల్లే దీన్ని నమ్మాను.

లినక్స్‌లో ఉండే ఫైల్ అనే కమాండ్ కూడా ఇదే పని చేస్తుంది కదా అని కొందరు అడిగారు. చేస్తుంది, వేగంగానే చేస్తుంది. నేను రెండూ వాడతాను. అయితే ఫైల్ కమాండ్ జవాబు ఒక వాక్యంలా వస్తుంది, సీగ్‌ఫ్రీడ్ ఇచ్చేది స్థిరమైన నంబరు. వేల ఫైళ్లను ఎక్సెల్‌లో వడపోయాలంటే నంబరే సుఖం.

మా రంగానికి అసలు పనికొచ్చిన సంగతి ఇది. పాత వర్డ్, ఎక్సెల్ ఫైళ్లూ, పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ చివరి వెర్షన్ల ఫైళ్లూ మొదట్లో ఒకేలా ఉంటాయి. డీ0 సీఎఫ్ 11 ఈ0 అని మొదలవుతాయి. అది ఓఎల్‌ఈ2 అనే పెట్టె గుర్తు. ఆ పెట్టెలో చిన్న చిన్న అరలు, ఒక్కో అరకు ఒక పేరు. వర్డ్‌డాక్యుమెంట్ అనే అర ఉంటే అది వర్డ్ ఫైలు, వర్క్‌బుక్ ఉంటే ఎక్సెల్. సీగ్‌ఫ్రీడ్ ఆ అరల పేర్లు కూడా చూసి చెప్పగలదు. ఏదైనా ఫైలుకు ఎఫ్‌ఎమ్‌టీ/111 అని మాత్రమే వస్తే అది పెట్టె అని తెలిసింది, లోపల ఏముందో తేలలేదని అర్థం. అలాంటి దాన్ని నేను జిప్ లాంటి పెట్టెలు విప్పే సెవెన్‌జిప్‌లో తెరిచి అరల పేర్లు స్వయంగా చూస్తాను. పేజ్‌మేకర్ అనే పేరుతోనే ఒక అర కనిపిస్తే ఇక వెతకక్కర్లేదు.

జాబితాలు దాచడానికి డాస్ రోజుల్లో వాడిన డీబేస్ ఫైళ్లు ఇంకో ఆనందం. ఒక మాసపత్రిక చందాదారుల జాబితా అలా దొరికింది. డీబేస్ 3 ఫైలు మొదటి బైటు 03. ఆ తర్వాతి మూడు బైట్లు చివరిసారి మార్చిన సంవత్సరం, నెల, తేదీ. ఆ వెనక నాలుగు బైట్లు రికార్డుల సంఖ్య. ఫ్లాపీ మీది తేదీ కాపీలు చేయడంలో మారిపోయినా ఫైలు కడుపులోని తేదీ అలాగే ఉంటుంది. అందులో చెరిపేసిన చిరునామా కూడా నిజంగా పోదు, ముందు ఒక నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. ప్యాక్ కమాండ్ కొడితేనే పోతుంది. ఆ పత్రిక సంపాదకుడికి తన తొలి చందాదారుల పేర్లు చూపించినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి చదివారు.

డాస్ రోజుల్లో టైపింగ్‌కు వాడిన వర్డ్‌స్టార్ దగ్గర మాత్రం ఎక్కువ సాయం ఆశించకండి. వర్డ్‌స్టార్ 3 కాలం నాటి ఫైళ్లకు మొదట్లో గుర్తంటూ ఏదీ లేదు. పైగా డాక్యుమెంట్ మోడ్‌లో రాసిన ప్రతి మాటలో చివరి అక్షరానికి, మామూలు ఇంగ్లిష్‌లో సున్నాగా ఉండే ఎనిమిదో బిట్ వెలుగుతుంది, అంటే ఒకటి అవుతుంది. అందుకే నోట్‌ప్యాడ్‌లో ప్రతి మాట చివరా ఒక పిచ్చి అక్షరం కనిపిస్తుంది, మాట మొత్తం కొట్టి వెతికితే దొరకదు. ఆ బిట్‌ను ఆర్పేస్తే ఇంగ్లిష్ శుభ్రంగా వచ్చేస్తుంది. ఒకే ఒక్క కమాండ్‌తో అయిపోయే పని.

కానీ తొందరపడి అన్ని ఫైళ్ల మీదా ఆ కమాండ్ నడపకండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. కంప్యూటర్‌కు జిస్ట్ కార్డు తగిలించి భారతీయ భాషలు టైప్ చేసిన రోజుల్లో వాటిని ఇస్కీ అనే కోడ్‌లో దాచేవాళ్లు, 1991లో అది భారతీయ ప్రమాణంగా కూడా వచ్చింది. అందులో మన అక్షరాలన్నీ ఆ ఎనిమిదో బిట్ వెలిగిన చోటే ఉంటాయి. దాన్ని ఆర్పితే తెలుగు మొత్తం పోయి చెత్త మిగులుతుంది. ఒక సంస్థ వార్షిక నివేదిక మీద నేను దాదాపు ఆ కమాండ్ కొట్టబోయి, ముందు కాపీ తీద్దామని ఆగాను. ఆ ఆగడమే దాన్ని కాపాడింది. ఇస్కీ అని తేలితే భయం లేదు. యూకాన్వ్ అనే పనిముట్టుకు తెలుగు ఇస్కీ పేరైన విండోస్ 57005 అని చెప్పి ఇస్తే యూనికోడ్ తెలుగులోకి మార్చి పెడుతుంది.

ఇక అసలు కష్టం. ఫైలు పేజ్‌మేకర్‌దని తెలిసింది. లిబ్రెఆఫీస్ 4.4 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లను డ్రాలో తెరుస్తుంది, పాటలు పద్యాలు పక్కకు జరిగినా మాటర్ అంతా బయటికి వస్తుంది. ఫైళ్ల లోపలి మాటల వెతుకులాటకు నేను రీకాల్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. కానీ కవిగారి కవితలోని బల్లకట్టు అనే మాట తెలుగులో కొడితే ఒక్కటీ రాదు. ఎందుకంటే అను లాంటి పాత ఫాంట్లలో ఉన్నది తెలుగు కాదు. కంప్యూటర్ లెక్కలో అవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫాంటు ఒక్కటే వాటిని తెలుగు బొమ్మలుగా చూపిస్తుంది. తలకట్టు ఒక బొమ్మ, కొమ్ము ఒక బొమ్మ, వత్తు ఒక బొమ్మ. ఈ సంగతిని ప్రపంచంలోని ఏ గుర్తింపు పట్టికా చెప్పలేదు, ఎందుకంటే ఫైలు రకం సరైనదే, తేడా అంతా ఫాంటులో ఉంది.

పదకొండు వేల ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి వెతకాలంటే ఏళ్లు పడుతుంది. అందుకని నేను తిరగేసి చేశాను. ఫైళ్లను మార్చకుండా వెతికే మాటనే పాత కోడ్‌లోకి మార్చాను. పాత కీబోర్డ్ డ్రైవర్ ఆన్ చేసి నోట్‌ప్యాడ్‌లో ఆ మాట టైప్ చేస్తే ఇంగ్లిష్ గుర్తుల వరస వస్తుంది. ఆ వరసను కాపీ చేసి వెతకడమే. పాత ఫాంటు వెర్షన్‌కు ఒకసారి, కొత్త వెర్షన్‌కు ఇంకోసారి వెతకాలి, రెండింటి కోడ్‌లూ వేరు.

కవిగారి అమ్మాయికి గుర్తున్నది ఒకే ఒక్క సంగతి. నాన్న కృష్ణ మీద బల్లకట్టు గురించి ఒక కవిత రాశారని చెప్పింది. మాట మొత్తం కొడితే రాలేదు. రెండు రోజులు ఆలోచించాక తెలిసింది. చివరి ట్టులో కొమ్ము ముందు వేసి వత్తు తర్వాత వేసినా, వత్తు ముందు వేసి కొమ్ము తర్వాత వేసినా తెర మీద ఒకేలా కనిపిస్తుంది, లోపల బైట్ల వరస మాత్రం వేరు. అదీ కాక లైను చివర చోటు చాలకపోతే మేం చేత్తో హైఫన్ కొట్టి మాటను విరిచేవాళ్లం. అందుకని బల్లక వరకే వెతికాను. నాలుగు ఫైళ్లు వచ్చాయి. మూడు పడవల రేవు వేలం కరపత్రాలు. నాలుగోది ఏ2 అనే ఫైలు, చివర మూడక్షరాలు లేవు, సీగ్‌ఫ్రీడ్ పట్టికలో ఎఫ్‌ఎమ్‌టీ/111. తెరిస్తే తొంభై ఆరు పేజీలు, ముందుమాటతో సహా.

మార్చాక వత్తుల దగ్గర, అంకెల దగ్గర, కొటేషన్ గుర్తుల దగ్గర తప్పులు వచ్చాయి. ఆ అమ్మాయీ నేనూ కూర్చుని మూడు సాయంత్రాలు ప్రూఫ్ దిద్దాం.

వాడదలచిన వాళ్లకు కొన్ని మాటలు. ఫ్లాపీని నేరుగా పదేపదే చదివించకండి, మా ఊరి ఉక్కకు వాటి మీద బూజు పట్టి ఉంటుంది. ఒక్కసారి పూర్తి ఇమేజ్, అంటే డిస్కు మొత్తానికి ఒకే ఫైలుగా నకలు తీసి, తర్వాత పనంతా ఇమేజ్ మీదే చేయండి. యూఎస్‌బీ డ్రైవ్ మూడున్నర అంగుళాల వాటినే చదువుతుంది. ఐదుంపావు అంగుళాల వాటికి పాత డ్రైవ్, దానితో పాటు గ్రీజ్‌వీజల్ లాంటి బోర్డు కావాలి. పాత మాక్ డిస్కులు మీ దగ్గర ఉంటే వేరే జాగ్రత్త. ఆ రోజుల్లో మాక్ ఫైలు రకాన్ని పేరులో కాకుండా పక్కన నాలుగక్షరాల కోడ్‌గా దాచేది, డాస్ డిస్కులోకి కాపీ చేసినప్పుడు అది ఊడిపోవచ్చు. మాక్ ఓఎస్ కాటలీనా వెర్షన్ నుంచి మాక్‌లు ఆ పాత డిస్కులను చదవడం కూడా మానేశాయి. సీగ్‌ఫ్రీడ్‌లో అప్‌డేట్ ఆప్షన్ కొడితే ప్రోనమ్ కొత్త గుర్తులు దిగుతాయి. ఏడాదికి రెండుసార్లైనా కొట్టి, తెలియదని వచ్చిన ఫైళ్ల మీద మళ్లీ నడపండి. నా దగ్గర అలా ఆలస్యంగా పేరు దొరికినవి చాలా ఉన్నాయి.

పది ఫైళ్లు ఉన్నవాళ్లకు ఇంత అక్కర్లేదు, ఒక్కోటి తెరిచి చూసుకుంటే సరిపోతుంది. వేలల్లో ఉన్నవాళ్లు మాత్రం దీన్ని వాడి తీరాలి. నా పదకొండు వేలలో ఇంకా అరవై రెండు ఫైళ్లకు రకం తేలలేదు. వాటిలో ఒకటి 1997 నాటి ఫ్లాపీలోది, పైన పార్టీ పేరు చెరిగిపోయి "అర్జెంట్" అన్న మాట ఒక్కటే మిగిలింది. వాటిని తెలియనివి అనే ఫోల్డర్‌లో ఉంచాను, సంక్రాంతి సెలవుల్లో మళ్లీ ఎస్‌ఎఫ్ నడిపి చూస్తాను.